పాటకు ఇల్లు అదురుతుంది, మాట మాత్రం వినపడదు: సెంటర్ స్పీకర్ సంగతులు

కొత్తగా 5.1 హోమ్ థియేటర్ (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) పెట్టుకున్న చాలా ఇళ్లలో కొద్ది రోజులకే ఒక ఫిర్యాదు మొదలవుతుంది. ఫైట్ వస్తే కిటికీ అద్దాలు గలగలలాడతాయి. పాట వస్తే పక్క ఫ్లాట్‌వాళ్లు తలుపు తడతారు. హీరో తల్లి మంచం మీద నుంచి చెప్పే నాలుగు ముక్కలు మాత్రం ఎవరికీ అర్థం కావు. దాంతో ఇంట్లో ఒకరికి రిమోట్ డ్యూటీ పడుతుంది: మాటలొస్తే పెంచాలి, పాటొస్తే తగ్గించాలి. తెలుగు సినిమాకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసేదాకా కూడా వెళ్తుంది వ్యవహారం.

నెపం ముందుగా సినిమా మిక్సింగ్ మీదకో, ఓటీటీ మీదకో, స్పీకర్ కంపెనీ మీదకో పోతుంది. మిక్సింగ్ విషయంలో కొంత నిజం లేకపోలేదు. థియేటర్ కోసం సినిమా శబ్దాన్ని కలిపేటప్పుడు ముందు స్పీకర్లను ఒక్కోదాన్ని 85 డెసిబెళ్ల స్థాయికి సరిచేసి పెట్టుకోవడం ఆనవాయితీ. ఇంట్లో అంత జోరుగా ఎవరూ వినరు. వాల్యూమ్ 20 డెసిబెళ్లు తగ్గిస్తే గుసగుసలు ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతాయి, పేలుళ్లు మాత్రం ఇంకా వినపడుతూనే ఉంటాయి. అది మన చేతుల్లో లేదు. చేతుల్లో ఉన్నదల్లా ఆ మాటలు బయటికొచ్చే పెట్టె. సినిమా సంభాషణల్లో అత్యధిక భాగం టీవీ దగ్గర మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్ నుంచే వస్తుంది. హాల్లో ఉన్న స్పీకర్లన్నింటిలోకీ అనువుగాని చోటు దక్కేది కూడా సాధారణంగా దానికే.

క్లుప్తంగా

సెంటర్ స్పీకర్ అడ్డంగా పొడుగ్గా ఉండడానికి కారణం శబ్దశాస్త్రం కాదు, టీవీ. ఆ ఆకారం వల్ల పక్కన కూర్చున్నవారికి మాట స్పష్టత తగ్గుతుంది. దాన్ని షెల్ఫ్ అంచుకు లాగి, చెవుల వైపు వంచి పెట్టడం వైరు మార్చడం కంటే ఎక్కువ తేడా తెస్తుంది. వైరు మామూలు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిదైతే చాలు, ప్లస్ మైనస్ తప్పకుండా చూసుకోవాలి. చాలా సందర్భాల్లో అసలు తప్పు టీవీ సెట్టింగులో ఉంటుంది: సెంటర్‌కు ప్రత్యేక సిగ్నలే వెళ్లదు. కొన్ని ఇళ్లలో సెంటర్ లేకుండా వినడమే మేలు.

తెర వెనక నుంచి టీవీ కిందకి

మధ్యలో ఒక స్పీకర్ ఉండాలన్న ఆలోచన ఇళ్లలోకి టీవీ రావడం కంటే పాతది. 1933లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను తీగల మీదుగా వాషింగ్టన్ హాల్లో వినిపించారు. అందుకు మూడు చానళ్లు (విడి శబ్ద మార్గాలు) వాడారు: ఎడమ, మధ్య, కుడి. వేదిక వెడల్పును హాలంతా కూర్చున్న జనానికి నమ్మించాలంటే రెండు చాలవని వాళ్లు అప్పటికే గ్రహించారు. 1940లో డిస్నీ తెచ్చిన ఫాంటసౌండ్‌లోనూ తెర వెనక మూడు చానళ్లే. 1953లో సినిమాస్కోప్ వచ్చేసరికి ఫిల్మ్ అంచున అయస్కాంత ట్రాకుల్లో ఎడమ, మధ్య, కుడి, వాటికి తోడు ప్రేక్షకుల చుట్టూ వినిపించే ఒక సరౌండ్ అచ్చయ్యాయి.

థియేటర్‌లో ఈ మధ్య స్పీకర్ తెర వెనక ఉంటుంది. తెర నిండా సన్నని రంధ్రాలుంటాయి, వాటిలోంచి శబ్దం బయటికొస్తుంది. నటుడి ముఖం ఎక్కడుందో మాటా అక్కడి నుంచే వస్తుంది. పైగా మూడు స్పీకర్లూ ఒకే రకం, ఒకే ఎత్తులో నిలబెట్టినవి.

ఇంటికి ఈ పద్ధతి స్థిరంగా వచ్చింది 1987లో డాల్బీ ప్రో లాజిక్‌తో, అంటే రెండు చానళ్ల శబ్దంలోంచి మధ్య చానల్‌ను విడదీసి ఇచ్చే పద్ధతితో. అప్పటి టీవీ పెద్ద అద్దపు గొట్టం పెట్టె. దాని వెనక స్పీకర్ పెట్టలేం. ముందు పెడితే బొమ్మ కనపడదు. మిగిలింది టీవీ నెత్తి, లేదా టీవీ కాళ్ల దగ్గర. ఆ కొద్ది ఎత్తులో పట్టాలంటే స్పీకర్‌ను పడుకోబెట్టక తప్పలేదు. గొట్టం టీవీ దగ్గర మామూలు స్పీకర్ పెడితే దాని అయస్కాంతం వల్ల తెర మూలల్లో రంగులు మరకలు కట్టేవి, అందుకే ఆనాటి సెంటర్లకు మాగ్నెటిక్ షీల్డింగ్ కూడా ఉండేది. ఫ్లాట్ టీవీలతో ఆ బెడద పోయింది. పడుకోబెట్టిన ఆకారం మాత్రం అలాగే మిగిలిపోయింది.

రెండు స్పీకర్లు చాలవా

ఎడమ, కుడి స్పీకర్లలో ఒకే శబ్దాన్ని సమానంగా పంపితే అది సరిగ్గా మధ్యలో కూర్చున్న మనిషికి మధ్యలోంచే వినపడుతుంది. అక్కడ స్పీకర్ ఏమీ ఉండదు, మెదడు కల్పించుకుంటుంది. స్టీరియో పాటల్లో గాయకుడి గొంతు మధ్యలో నిలబడేది ఇలాగే. ఈ ఏర్పాటుకు రెండు లోపాలు ఉన్నాయి.

మొదటిది కూర్చునే చోటు. రెండు స్పీకర్ల మధ్య 2 మీటర్ల దూరం, చూసేవాళ్లు 3 మీటర్ల దూరంలో ఉన్నారనుకుందాం. మధ్య నుంచి 60 సెంటీమీటర్లు పక్కకు జరిగితే, అంటే సోఫాలో పక్క సీటులోకి మారితే, దగ్గరి స్పీకర్ శబ్దం దూరపుదాని కంటే సుమారు ఒక మిల్లీసెకను ముందు చెవికి చేరుతుంది. ముందు వచ్చిన శబ్దం ఏ దిక్కు నుంచి వస్తే మొత్తం శబ్దం ఆ దిక్కు నుంచే వస్తోందని మెదడు తీర్మానించుకుంటుంది. అంతే, హీరో తెర మధ్యలో ఉంటాడు, గొంతు కుడి మూల నుంచి వస్తుంది.

రెండోది మధ్యలో కూర్చున్నవారికి కూడా తప్పనిది. ప్రతి చెవీ రెండు స్పీకర్లనూ వింటుంది. అవతలి వైపు స్పీకర్ శబ్దం తల చుట్టూ తిరిగి సుమారు పావు మిల్లీసెకను ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం వల్ల 2,000 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలని చెప్పే కొలత) ప్రాంతంలో రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి కొంత చంపుకుంటాయి. హల్లులను పోల్చుకోవడానికి చెవి ఎక్కువగా ఆధారపడే ప్రాంతం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. గది గోడల ప్రతిధ్వనులు ఈ గుంటను కొంత పూడుస్తాయి కాబట్టి మామూలుగా మనకు తెలియదు. నిజమైన సెంటర్ స్పీకర్ ఉంటే ఈ సమస్యే రాదు: ఒకే చోటు నుంచి, ఒకే సమయంలో, రెండు చెవులకూ.

పడుకోబెట్టిన పెట్టెలో ఉన్న చిక్కు

మార్కెట్లో దొరికే సెంటర్ స్పీకర్లలో ఎక్కువ భాగం ఒకే నమూనా: మధ్యలో పై స్థాయి శబ్దాలు పలికే చిన్న ట్వీటర్, దానికి అటూ ఇటూ కింది, మధ్య స్థాయి శబ్దాలు పలికే ఒక్కో వూఫర్. చూడ్డానికి ముచ్చటగా, సమతూకంగా ఉంటుంది. నిలువుగా పెడితే ఈ అమరికకు నిజంగానే ప్రయోజనం ఉంది. 1980ల్లో జోసెఫ్ డపొలిటో దీన్ని ప్రతిపాదించింది నిలువు వరుసగానే. నిలువుగా ఉన్నప్పుడు శబ్దం నేలకూ సీలింగ్‌కూ తక్కువగా పోయి, అడ్డంగా గదంతా సమానంగా పరుచుకుంటుంది. పడుకోబెడితే కథ తిరగబడుతుంది. శబ్దం నేలకూ సీలింగ్‌కూ బాగానే పోతుంది, పక్కలకు పోవాల్సింది ముక్కలవుతుంది.

ఎందుకో ఒక లెక్కతో చూడొచ్చు. రెండు వూఫర్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు అనుకుందాం. ఎదురుగా కూర్చున్నవారికి రెండూ సమాన దూరంలో ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. పక్కకు 30 డిగ్రీల కోణంలో కూర్చున్నవారికి మాత్రం ఒక వూఫర్ రెండోదాని కంటే 15 సెంటీమీటర్లు దగ్గరవుతుంది. ఆ 15 సెంటీమీటర్లు ఏ శబ్దానికి సరిగ్గా అర తరంగమవుతుందో ఆ శబ్దం అక్కడ దాదాపు మాయమవుతుంది. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. లెక్క వేస్తే 1,140 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. ఈ తరహా స్పీకర్లలో వూఫర్లు సాధారణంగా 2,000 హెర్ట్జ్ దాటేదాకా పనిచేస్తాయి, కాబట్టి గుంట వాటి పరిధిలోనే పడుతుంది. అచ్చుల రూపం తేలే ప్రాంతం అది.

ఎదురుగా ఒక్క సోఫా మాత్రమే ఉన్న ఇంట్లో దీన్ని పట్టించుకోనక్కర్లేదు. మన హాళ్ల తీరు వేరు. ఎల్ ఆకారపు సోఫా, పక్క గోడకు దివాన్ కాట్, ఇంకో మూల అమ్మమ్మ కుర్చీ. టీవీ నుంచి ముందుకు రెండున్నర మీటర్లు, పక్కకు 2 మీటర్లు జరిగి ఉన్న దివాన్ దాదాపు 39 డిగ్రీల కోణంలో పడుతుంది. అక్కడ గుంట 900 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. ఎదురుగా కూర్చున్న కొడుకు “బాగానే వినపడుతోంది కదా” అనడం, దివాన్ మీది పెద్దాయన “ఏం వినపడుతోందిరా” అనడం, రెండూ నిజమే. వినికిడి తగ్గిందని ఆయన్ను అనుమానించే ముందు ఒకసారి సీట్లు మార్చుకుని చూడాలి.

దీనికి తయారీదారులు కనిపెట్టిన మార్గాలు రెండున్నాయి. ట్వీటర్ కిందో పైనో ఒక చిన్న మిడ్‌రేంజ్ డ్రైవర్‌ను (మధ్య స్థాయి శబ్దాలు పలికే కోన్) పెట్టి, పక్క వూఫర్లను కింది స్థాయి శబ్దాలకే పరిమితం చేయడం ఒకటి. వీటిని త్రీ వే సెంటర్లంటారు. ధర ఎక్కువ, ఎత్తూ ఎక్కువ. వూఫర్ నడిబొడ్డునే ట్వీటర్‌ను అమర్చిన కోయాక్సియల్ డ్రైవర్ రెండోది. అంత ఖర్చు వద్దనుకుంటే మూడో దారి కూడా ఉంది, దుకాణదారు అది చెప్పడు: ముందు స్పీకర్లుగా వాడే బుక్‌షెల్ఫ్ జతలో రకం ఒక్కటి అదనంగా దొరికితే దాన్నే నిలువుగా మధ్యలో పెట్టడం. టీవీని గోడకు కాస్త పైకి ఎక్కించగలిగితే ఇది సాధ్యమే. అప్పుడు మూడు స్పీకర్ల గొంతూ ఒకటే అవుతుంది. ఎడమ నుంచి కుడికి నడుస్తూ మాట్లాడే పాత్ర స్వరం మధ్యలోకి వచ్చేసరికి మారిపోదు.

రెండు సెంటర్లు కొని టీవీకి అటొకటి ఇటొకటి పెట్టాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. అది పై చిక్కునే మరింత పెద్దది చేస్తుంది. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను ఒకే టెర్మినల్‌కు సమాంతరంగా కలిపితే రిసీవర్‌కు (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్ పెట్టె) ఎదురయ్యే నిరోధం 4 ఓమ్‌లకు దిగుతుంది, అంటే భారం పెరుగుతుంది, చిన్న రిసీవర్లు వేడెక్కి ఆగిపోతాయి కూడా.

షెల్ఫ్, షోకేస్, టీపాయ్

పెట్టె మార్చకుండా తేడా తేగలిగేది చోటే. అందులో మొదటి తప్పు స్పీకర్‌ను టీవీ యూనిట్ అరలోపలికి నెట్టడం. అర మూడు పక్కలా చెక్క ఉన్న గుహ. మగ గొంతు కింది స్థాయి శబ్దాలు, సుమారు 100 నుంచి 250 హెర్ట్జ్ దాకా, అందులో ఊరి మందమవుతాయి. డబ్బాలోంచి మాట్లాడినట్టు వచ్చే గొంతు ఇదే. స్పీకర్ వెనక గాలి రంధ్రం ఉన్న రకమైతే ఇంకా అధ్వాన్నం. కొన్ని ఇళ్లలో ఆ అరకు అద్దం తలుపో, చూడ్డానికి బాగుంటుందని గుడ్డ తెరో కూడా ఉంటుంది.

అర తప్పనిసరైతే స్పీకర్ ముఖం అర అంచుకు సమానంగా, వీలైతే ఒక సెంటీమీటరు బయటికి వచ్చేలా లాగాలి. టీవీ స్టాండు మీద పెట్టినా ఇదే మాట. స్పీకర్ వెనక్కి ఉండి ముందు 20 సెంటీమీటర్ల చెక్క పలక ఖాళీగా మిగిలితే, ఆ పలక మీద పడి లేచిన శబ్దం అసలు శబ్దంతో కలిసి మాటను మసక చేస్తుంది. సోఫా ముందుండే అద్దపు టీపాయ్ కూడా చేసేది ఇదే. సినిమా చూసేటప్పుడు దాని మీద ఒక మందపాటి గుడ్డ పరిచినా, దాన్ని పక్కకు జరిపినా తేడా తెలుస్తుంది.

రెండోది ఎత్తు. సోఫాలో కూర్చున్న మనిషి చెవి నేల నుంచి సుమారు ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. టీవీ యూనిట్ మీది సెంటర్‌లో ట్వీటర్ అర మీటరు ఎత్తులో ఉందనుకుంటే, 3 మీటర్ల దూరంలో ఆ తేడా తొమ్మిదిన్నర డిగ్రీలవుతుంది. అంటే పెట్టె సూటిగా ఉంటే అది మాట్లాడేది మోకాళ్లతో. ట్వీటర్ శబ్దం సూటిగా ముందుకు పోయే రకం. పక్కకు జరిగేకొద్దీ స, శ, ష లాంటి ధ్వనుల పదును తగ్గుతుంది. 20 సెంటీమీటర్ల లోతున్న స్పీకర్‌ను తొమ్మిదిన్నర డిగ్రీలు వంచాలంటే దాని ముందు అంచు 3.3 సెంటీమీటర్లు పైకి లేవాలి. రెండు రబ్బరు ముక్కలో, ఒక చెక్క ముక్కో సరిపోతుంది. కూర్చున్న చోటు నుంచి మొబైల్ టార్చ్ వెలుగులో చూస్తే ట్వీటర్ నేరుగా మన వైపు తిరిగిందో లేదో తెలిసిపోతుంది.

టీవీకి పైన పెట్టొచ్చా? పెట్టొచ్చు, కిందకి వంచితే. చెవి ఎడమ కుడి తేడాను పట్టినంత పదునుగా పైకింద తేడాను పట్టదు. కదిలే పెదవులు కనపడుతుంటే మెదడు గొంతును ఆ పెదవులకే అంటగడుతుంది. కొద్ది డిగ్రీల తేడాను ఇలా కళ్లు సర్దేస్తాయి. కాకపోతే 65 అంగుళాల టీవీ తెర ఎత్తే 81 సెంటీమీటర్లు. దాన్ని గోడకు ఎత్తుగా బిగించి, దాని పైన ఇంకో పెట్టె పెడితే గొంతు ఫాల్స్ సీలింగ్ నుంచి వస్తున్నట్టే ఉంటుంది. నేల మీద చాప వేసుకుని చూసే అలవాటున్న ఇంట్లోనైతే కింద పెట్టడమే సబబు.

ప్రొజెక్టర్ ఉన్నవారికి మాత్రం థియేటర్ పద్ధతే అందుబాటులో ఉంది: శబ్దాన్ని పోనిచ్చే తెర కొని, సెంటర్‌ను దాని వెనక, ఎడమ కుడి స్పీకర్ల ఎత్తులోనే నిలబెట్టడం. అంతర్జాతీయ ప్రమాణం ఐటీయూ 775 చెప్పేదీ ఈ రూపమే: సెంటర్ సున్నా డిగ్రీల్లో, ఎడమ కుడి స్పీకర్లు చెరో 30 డిగ్రీల్లో, మూడూ వినేవారి నుంచి సమాన దూరంలో.

వైరు మీద ఎంత ఖర్చు పెట్టాలి

స్పీకర్ వైరు గురించి చెప్పే కథలకు అంతు లేదు. పట్టించుకోవాల్సింది దాని నిరోధం ఒక్కటే. రానూ పోనూ కలిపి వైరు నిరోధం స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం దాటకుండా చూసుకోవడం చాలాకాలంగా వాడుకలో ఉన్న సూత్రం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు సుమారు 0.0115 ఓమ్‌లు. రిసీవర్ నుంచి సెంటర్‌కు 5 మీటర్లు లాగితే రానూ పోనూ 10 మీటర్లు, అంటే 0.115 ఓమ్‌లు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు అది ఒకటిన్నర శాతం లోపే. శబ్దంలో తగ్గేది సుమారు 0.12 డెసిబెల్, చెవికి అందనంత చిన్నది. సెంటర్ సాధారణంగా రిసీవర్ పక్కనే ఉంటుంది కాబట్టి అన్ని స్పీకర్లలోకీ చిన్న వైరు దీనిదే. ఇక్కడ ఖరీదైన కేబుల్ కొనడం వృథా.

డబ్బా సెట్లుగా వచ్చే కొన్ని హోమ్ థియేటర్లలో స్పీకర్లు 3 ఓమ్‌లవి ఉంటాయి. వాటికి అదే వైరు ఆరున్నర మీటర్ల దాకానే సూత్రానికి లోబడుతుంది. వాటితో వచ్చే వెంట్రుకల్లాంటి తీగలను పొడిగించేటప్పుడు మందం పెంచాలి. ఆ సెట్ల స్పీకర్‌ను వేరే రిసీవర్‌కు తగిలించడం మాత్రం వద్దు, భారం పట్టలేక ఆ రిసీవర్ పాడయ్యే ప్రమాదం ఉంది.

రాగి పేరుతో అమ్మేవాటిలో పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉండేవి చాలా ఉన్నాయి. చౌక, తేలిక, నిరోధం మాత్రం అసలు రాగికి సుమారు ఒకటిన్నర రెట్లు. ఒక పోగును బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనపడుతుంది. తేమ గాలి ఉన్న కోస్తా ఊళ్లలో వాటి కొసలు త్వరగా పాడవుతాయి కూడా. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరు, ఎరుపొకటి నలుపొకటి జతగా వాడినా విద్యుత్తు లెక్కలో తేడా ఏమీ ఉండదు. ఇది ఆడియో షాపులకు నచ్చని నిజం.

ఇల్లు కట్టేటప్పుడే గోడల్లో వేయించేవారు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. స్పీకర్ వైరుకు విడిగా పైపు వేయించాలి. 230 వోల్టుల వైర్లున్న పైపులోనే దాన్ని కూడా దూర్చడం ప్రమాదం. టీవీ వెనక నుంచి సెంటర్ ఉండబోయే చోటికి ఒకటి అదనంగా ఖాళీ పైపు వేయిస్తే తర్వాత గోడ పగలగొట్టే పని తప్పుతుంది.

ప్లస్, మైనస్, ఒక్క తీగ పోగు

వైరింగ్ పని చిన్నదే. రిసీవర్ వెనక సెంటర్ అని రాసి ఉన్న ఎరుపు, నలుపు టెర్మినళ్ల నుంచి స్పీకర్ ఎరుపు, నలుపులకు. వైర్లకు రంగు తొడుగు వేసే పద్ధతిలో సెంటర్‌ది ఆకుపచ్చ; ఎడమకు తెలుపు, కుడికి ఎరుపు, సబ్‌వూఫర్‌కు ఊదా. వైరు కొసను సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి దూర్చాలి. బయటికి జారిన ఒక్క పోగు పక్క టెర్మినల్‌ను తాకితే చాలు, రిసీవర్ ప్రొటెక్షన్ మోడ్‌లోకి వెళ్లి ఆగిపోతుంది. బనానా ప్లగ్ (వైరు కొసకు బిగించే పిన్ను) వాడితే ఈ టెన్షన్ ఉండదు. పని చేసేటప్పుడు రిసీవర్ ప్లగ్ తీసేయాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఎరుపు నలుపులు తారుమారైతే స్పీకర్ పాడవదు, ఆగిపోదు. అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి దొరక్కుండా ఉండిపోతుంది. మిగతా స్పీకర్ల కోన్లు ముందుకొచ్చినప్పుడు ఇది వెనక్కి పోతుంది. సెంటర్ ఒంటరిగా మాట్లాడేంతసేపూ పెద్దగా తెలియదు. ఎడమకూ మధ్యకూ పంచిన శబ్దాలు మాత్రం ఎక్కడి నుంచి వస్తున్నాయో అంతుపట్టకుండా తేలిపోతాయి. సబ్‌వూఫర్‌తో కలిసే చోట మగ గొంతు పలచబడనూవచ్చు.

పాత పరీక్ష ఒకటుంది. వైరును రిసీవర్ వైపు ఊడదీసి, 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ ప్లస్‌ను ఎరుపు తీగకూ, మైనస్‌ను నలుపు తీగకూ ఒక్క క్షణం తాకించాలి. టక్కుమని వూఫర్ కోన్ ముందుకు జరిగితే సరిగ్గా ఉన్నట్టు. మైకు పెట్టి గదిని కొలిచే రిసీవర్లు ఈ తప్పును తామే చెబుతాయి. అయితే కొన్నిసార్లు వైరు సరిగ్గా ఉన్నా ఫేజ్ (ప్లస్ మైనస్ కలయిక) తప్పని చూపిస్తాయి: దగ్గరి టీవీ మీద పడి వచ్చే శబ్దం వల్ల కావచ్చు, లోపల ఒక డ్రైవర్‌ను కావాలనే తిరగేసి కలిపిన డిజైన్ వల్ల కావచ్చు. బ్యాటరీ పరీక్ష సరిగ్గా వస్తే ఆ హెచ్చరికను వదిలేయొచ్చు.

కంప్యూటర్‌కు తగిలించిన 5.1 సెట్లలో ఇంకో రకం తారుమారు ఉంది. నారింజ రంగు జాక్ ఒక్కటే సెంటర్‌నూ సబ్‌వూఫర్‌నూ కలిపి మోస్తుంది, ఒక కొనలో ఒకటి. అది అటూ ఇటూ అయితే మాటలు సబ్‌వూఫర్ కడుపులోంచి గొణుగుతాయి, చిన్న సెంటర్ బేస్ మోయలేక పటపటలాడుతుంది. చాలా సౌండ్ కార్డుల సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండింటినీ మార్చే ఒక టిక్ మార్కు ఉంటుంది. లేదంటే ఆ రెండు ఆర్‌సీఏ పిన్నులను అటుదిటు చేస్తే సరి.

స్పీకర్ సరే, సిగ్నల్ వస్తోందా

ఇంత చేసినా మాట మధ్య నుంచి రాకపోతే వెతకాల్సింది టీవీలో. ఓటీటీ యాప్ టీవీలోనే నడుస్తూ, శబ్దం హెచ్‌డీఎమ్ఐ ఆర్క్ మీదుగా రిసీవర్‌కు వెళ్తున్నప్పుడు, టీవీ డిజిటల్ ఆడియో సెట్టింగ్ పీసీఎమ్ అని ఉంటే 5.1 కాస్తా రెండు చానళ్లకు కుదించి పంపిస్తుంది. సెంటర్‌ది అనే సిగ్నల్ అక్కడే కరిగిపోతుంది. దాన్ని ఆటో, బిట్‌స్ట్రీమ్ లేదా పాస్ త్రూకు మార్చాలి. రిసీవర్ ముందు ఉన్న చిన్న తెర మీద డాల్బీ డిజిటల్ అని వస్తోందో, పీసీఎమ్ అని వస్తోందో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. ఒకే సినిమాకు ఒక భాషలో 5.1 ఉండి, డబ్బింగ్ భాషలో స్టీరియో మాత్రమే ఉండే సందర్భాలూ ఉన్నాయి.

స్టీరియో సిగ్నలే గతి అయితే రిసీవర్‌లో డాల్బీ సరౌండ్, ప్రో లాజిక్ లాంటి మోడ్ పెట్టుకోవాలి. రెండు చానళ్లలోనూ ఉమ్మడిగా ఉన్నదాన్ని అవి సెంటర్‌కు పంపుతాయి, ఆ ఉమ్మడిలో ఎక్కువ భాగం మాటే. స్టీరియో మోడ్‌లో వదిలేస్తే సెంటర్ మౌనంగా కూర్చుంటుంది. కొన్నిచోట్ల ఫిట్ చేయడానికి వచ్చినవాళ్లు అన్ని స్పీకర్లూ మోగితే కస్టమర్ సంతోషపడతాడని ఆల్ చానల్ స్టీరియో పెట్టి వెళ్లిపోతారు. అందులో డైలాగు వీపు వెనక నుంచి కూడా వస్తుంది. టీవీ సొంత స్పీకర్లు కూడా మోగుతుంటే వాటిని ఆపేయాలి. ఆ రెండో గొంతు కాస్త ఆలస్యంగా వచ్చి మాటకు ప్రతిధ్వని తగిలిస్తుంది.

రిసీవర్ లోపలి అంకెల్లో మూడు చూస్తే చాలు. సెంటర్‌ను స్మాల్‌గా పెట్టి 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని సబ్‌వూఫర్‌కు వదిలేయడం. అరచేతిలో పట్టే చిన్న సెంటర్లకు 120 నుంచి 150 దాకా పెంచొచ్చు. దూరం సరిగ్గా ఇవ్వడం, ఎందుకంటే 34 సెంటీమీటర్లకు శబ్దం ఒక మిల్లీసెకను తీసుకుంటుంది. ఇక లెవెల్: టెస్ట్ టోన్‌తో మూడూ సమానంగా సరిచేశాక కూడా మాట తక్కువ అనిపిస్తే సెంటర్‌ను 2, 3 డెసిబెళ్లు పెంచడంలో తప్పేమీ లేదు. రాత్రిపూట నైట్ మోడ్ పెడితే గుసగుసకూ పేలుడుకూ మధ్య దూరం తగ్గుతుంది.

గ్రానైట్ నేల, ఖాళీ గోడలు

మాటను మింగేసే ఇంకో శక్తి గది. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న హాలు, సిమెంటు గోడలు, గ్రానైట్ నేల, కర్టెన్లు లేని కిటికీలు. ఆ ఉపరితలాలు శబ్దంలో సగటున 5 శాతమే పీల్చుకుంటాయనుకుని సాబిన్ సూత్రంతో లెక్క కడితే ప్రతిధ్వని ఆరడానికి 2 సెకన్లు పడుతుంది. ఒక మాట తోక మీద తర్వాతి నాలుగైదు మాటలు పడతాయి. సోఫాలు, మందపాటి కర్టెన్లు, ఒక తివాచీ, పుస్తకాల బీరువా చేరి పీల్చుకునే శక్తి మూడు రెట్లు పెరిగితే అదే గదిలో అది 0.7 సెకను దగ్గరికి వస్తుంది. కొత్త సెంటర్ ధరలో చిన్న భాగానికే వచ్చే తివాచీని టీవీకీ సోఫాకూ మధ్య నేల మీద పరిస్తే, ఆ పాత సెంటరే కొత్తదిలా మాట్లాడొచ్చు.

సెంటర్ తీసేయడమే మేలైన ఇళ్లు

సెంటర్ ఉండి తీరాలన్న నియమం ఏమీ లేదు. ఇద్దరే చూస్తారు, ఇద్దరూ మధ్యలోనే కూర్చుంటారు, ముందు స్పీకర్ల జత మంచిది, సెంటర్‌కు మిగిలింది మాత్రం ఒక మూసిన అర. అలాంటి ఇంట్లో మెదడు కల్పించుకునే మధ్య గొంతే ఆ అరలోంచి వచ్చే గొంతు కంటే శుభ్రంగా ఉంటుంది. దానికి పైన చెప్పిన లోపాలున్నా సరే. గదినిండా పది మంది చూసే ఇంట్లో ఈ మాట చెల్లదు.

తీసేసేటప్పుడు వైరు పీకి వదిలేస్తే మాత్రం కుదరదు. రిసీవర్‌కు ఆ సంగతి తెలియదు, డైలాగులను ఖాళీ టెర్మినల్‌కు పంపుతూనే ఉంటుంది. పాటలు వస్తాయి, పెదవులు కదులుతాయి, మాట రాదు. స్పీకర్ సెటప్‌లో సెంటర్ దగ్గర నన్ (లేదు) అని ఎంచుకోవాలి. అప్పుడు సెంటర్ సిగ్నల్‌ను 3 డెసిబెళ్లు తగ్గించి ఎడమ కుడి స్పీకర్లకు సమానంగా పంచుతుంది. సెంటర్ లేని 4.1 సెట్లు కొన్నవారు 5.1 ప్లేయర్‌కు కలిపినప్పుడు మాటలు మాయమయ్యేది కూడా ఇందుకే, అక్కడ ప్లేయర్ అవుట్‌పుట్‌ను స్టీరియోకు మార్చాలి.